అమ్మాయికి ఏమిస్తున్నారు?

(స్మారకోపన్యాస పాఠం)



నిర్వాహకులు నాకిచ్చిన అంశం 'తరాలు, విలువలు'. ఈ పేరు మీద మన సభల్లో మామూలుగా రెండే ఉపన్యాసాలు వినబడతాయి. అరవై దాటినవాళ్ళు మాట్లాడితే విలువలు మంటగలిసిపోయాయంటారు. పాతికేళ్ళవాళ్ళు మాట్లాడితే ఆ పాత విలువలే తమ కాళ్ళకు అడ్డం పడుతున్నాయంటారు. రెంటికీ చప్పట్లు పడతాయి. ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు ఎకనామిక్స్ చెప్పినవారు కాబట్టి ఎవరైనా పెద్ద మాటలు గాల్లోకి వదిలితే ఊరుకునేవారు కారు. "ఎంత? ఎవరు ఇస్తున్నారు? ఎవరు పుచ్చుకుంటున్నారు?" అని నిలదీసేవారు. ఆయన పేరున మాట్లాడుతూ ఆ అలవాటు తప్పడం బాగుండదు. అందుకని ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుంటాను. పెళ్ళిచూపుల్లో కాఫీలు అయ్యాక, మధ్యవర్తి కాస్త గొంతు సవరించుకుని అడిగే ప్రశ్న అది: "అయితే బావగారూ, అమ్మాయికి ఏమిస్తున్నారు?"

ఈ ప్రశ్నకు నూట ముప్ఫై ఏళ్ళుగా తెలుగు ఇళ్ళు రకరకాల జవాబులిచ్చాయి. ఇచ్చిన ప్రతిసారీ 'మా ఇంటా వంటా ఇదే పద్ధతి' అన్న ధీమాతోనే ఇచ్చాయి. జవాబులు మాత్రం ఒకదానికొకటి పొసగవు.

మొదటి జవాబు వింటే ఈనాటి పిల్లలు నమ్మరు. ఏమీ ఇవ్వం, మీరే మాకివ్వాలి అన్నదే ఆ జవాబు. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకు గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల పట్టిక తయారు చేయించారనీ, మూడేళ్ళ లెక్క 1,034కు చేరిందనీ అందులో ఉంది. అయిదేళ్ళకే పెళ్ళయిపోయిన పిల్లలు 99 మంది. నాలుగేళ్ళవాళ్ళు 44 మంది, మూడేళ్ళవాళ్ళు 36 మంది, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల ఒక్కొక్కరికి మూడు వందల యాభై నుంచి నాలుగు వందల రూపాయలు.

ఈ అంకెలు చదివి ఆ తండ్రులంతా రాక్షసులనుకుంటే మన పని సులువైపోతుంది. గురజాడ అంత సులువుగా వదల్లేదు. నాటకంలో ఆడపిల్లల తండ్రి అగ్నిహోత్రావధాన్లు తన దృష్టిలో తను ధర్మాత్ముడు. నిత్యకర్మ వదలడు, నోరు తెరిస్తే శాస్త్రమే. కానీ ఆయన చదివిన శాస్త్రం ఏమంటోంది? కూతుర్నిచ్చి పిసరంత శుల్కం పుచ్చుకున్నా ఆ తండ్రి బిడ్డను అమ్ముకున్నవాడేనని మనుస్మృతి మూడో అధ్యాయం చెబుతుంది. అంటే నాలుక మీద ఒక ధర్మం ఉంది, చేతిలో ఇంకో ధర్మం ఉంది. మధ్యలో మనిషికి ఏ ఇబ్బందీ లేదు. విలువలు గ్రంథాల్లోంచి ఊడిపడతాయని నమ్మేవాళ్ళు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి.

మరి ఆ విలువ ఎక్కడ తయారైంది? నాటకంలోనే జవాబుంది. అగ్రహారంలో భూమి ఉంది, గింజలొస్తాయి, నగదు రాదు. అవధాన్లు గారికి నగదు కావాల్సిన చోట్లు రెండు. ఒకటి కోర్టు వ్యాజ్యాలు. రెండోది కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువు. ఆ నగదు తెచ్చిపెట్టగలిగిందల్లా ఆడపిల్ల. పెద్దకూతురు బుచ్చమ్మను అలాగే ఇచ్చారు, ఆవిడ వితంతువై ఇంటికొచ్చి కూర్చుంది. అది కళ్ళముందే ఉన్నా చిన్నదాన్ని కూడా అలాగే ముసలి లుబ్ధావధాన్లుకు ఇవ్వబోయారు. ఇంట్లో గట్టిగా అడ్డం పడింది ఇల్లాలు వెంకమ్మ. ఆవిడ మాటకు ఇంట్లో విలువ లేదు. ఈ వెంకమ్మ గారిని గుర్తుపెట్టుకోమని పిల్లల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. నాటకం ఆడినప్పుడు గిరీశం, మధురవాణి పాత్రలకు పడ్డ చప్పట్లు ఆవిడకు ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడు పాతికేళ్ళు ముందుకు రండి. 1920ల మొదట్లో కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' రాశారు. ఇందులో అమ్ముడుపోయేది పెళ్ళికొడుకు. సింగరాజు లింగరాజు లాంటి లోభి తన కొడుక్కి వెల కడతాడు, ఆడపిల్ల తండ్రి అప్పుచేసో పొలమమ్మో ఇచ్చుకోవాలి. ఆ తండ్రి అవస్థ చూడలేక పెద్దకూతురు కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్ళి చేసుకుని, డబ్బుపోసి కొనుక్కున్న వరుడు మా ఇంటికే రావాలని మొండికేస్తుంది. 1939లో ఈ నాటకం సినిమాగా వచ్చినప్పుడు కాళింది వేషం కట్టిన అమ్మాయి భానుమతి. ఆవిడ మొదటి సినిమా అదే.

1885లో పుట్టిన ఒక మనిషిని ఊహించుకుందాం. వాళ్ళ నాన్న వాళ్ళ అమ్మను డబ్బిచ్చి తెచ్చుకున్నాడు. తన కూతురికి మాత్రం తను డబ్బిచ్చి మొగుణ్ణి తెచ్చాడు. ఒక్క మనిషి జీవితకాలంలో డబ్బు ప్రయాణించే దిక్కు తిరగబడింది. ఆ పెద్దమనిషిని అడిగితే రెండూ సంప్రదాయమేననేవాడు, 'అనూచానంగా వస్తోంది' అని కూడా కలిపేవాడు. తిప్పిందెవరు? వెంకటేశమే తిప్పాడు. అక్కనమ్మిన డబ్బుతో అబ్బిన ఇంగ్లీషు గుమాస్తా ఉద్యోగమైంది, ప్లీడరీ అయింది. నెలతిరిగేసరికి జీతం తెచ్చే అల్లుళ్ళు ఊరికి ఇద్దరో ముగ్గురో ఉంటే కూతుళ్ళున్న తండ్రులు యాభైమంది. మాస్టారు ఈ పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద డిమాండు గీత, సప్లై గీత గీసి, కిందన 'శుభలేఖ' అని రాసేవారు.

ఇదంతా పై కులాల కథ. రెక్కాడితేగాని డొక్కాడని కులాల్లో పెళ్ళికొడుకు వాళ్ళే ఓలి ఇచ్చేవారు. పొలంలో నాట్లేసే, కలుపు తీసే, కోతకోసే మనిషి ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతోందంటే ఆ లోటు పూడ్చాలన్నది లెక్క. తర్వాత ఆ ఇళ్ళలో కూడా నాలుగు రాళ్ళు చేరి, ఆడవాళ్ళు పొలం మానేసి ఇంటిపట్టున ఉండడం గౌరవమయ్యాక ఓలి నామోషీ అయింది, కట్నం ఘనత అయింది. సమాజశాస్త్రవేత్త ఎం. ఎన్. శ్రీనివాస్ 1980లలో ఇలాంటి ఒక స్మారకోపన్యాసంలోనే ఈ విషయం తరచి చూశారు. దక్షిణాదిన మనం చూస్తున్న కట్నం పాత కన్యాదానానికి కొనసాగింపు కాదనీ, చదువులు, ఉద్యోగాలు, నగదు చలామణీ తెచ్చిపెట్టిన కొత్త సరుకనీ ఆయన వాదన. నాకు అది ఒప్పుదలే. దానికి ఒక్క మాట కలుపుతాను. మేనరికాలు గట్టిగా నడిచినన్నాళ్ళు ఇచ్చినదీ పుచ్చుకున్నదీ ఆ నాలుగిళ్ళలోనే తిరిగేది. అల్లుడు మేనల్లుడే అయినప్పుడు ఎవరి దగ్గర ఎవరు బేరమాడతారు? సంబంధం కోసం జిల్లా దాటడం మొదలయ్యాకే బేరం ముదిరింది.

డెల్టాలో ఈ బేరం ఎకరాల్లో నడిచింది. ధవళేశ్వరం ఆనకట్ట 1847 నుంచి 1852 దాకా కట్టారు, ఆ వెంటనే బెజవాడ దగ్గర కృష్ణ మీద కట్టారు. మెట్ట మాగాణి అయ్యాక భూమే బ్యాంకు అయింది. అమ్మాయికి పసుపు కుంకుమ కింద రెండెకరాలో అయిదెకరాలో రాయడం పరువైంది. పేరు అమ్మాయిది, కౌలు లెక్క చూసేది మామగారు.

ఇక్కడ మాస్టారి పని ఒకటి చెప్పాలి. ఆయన విద్యార్థుల చేత ఇళ్ళలో పాతపెట్టెల్లో పడివున్న పెళ్ళి ఖర్చుల పుస్తకాలు తెప్పించేవారు. వాటిలో కొన్ని ఆయన పెంచిన మన లైబ్రరీ బీరువాలో ఉన్నాయి. 1958 నాటి పుస్తకం ఒకటి ఈ ఉపన్యాసం కోసం మళ్ళీ తిరగేశాను. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి ఖాతా పుస్తకం. మొదటి పేజీలో పసుపు బొట్టు, 'శ్రీరామ', కింద 'పెద్దమ్మాయి వివాహం'. ఆ తర్వాత బియ్యం, కందిపప్పు, నెయ్యి, విస్తళ్ళు, పందిరి తాటాకులు, సన్నాయి మేళం, బ్రాహ్మణ సంభావనలు. ఆపైన ఒక పేజీ నిండా మగపెళ్ళివారి లాంఛనాలు. ఆడపడుచు కట్నం నూట పదహార్లు. పెళ్ళికొడుకు మేనమామ గారికి పంచెల చాపు. 'అలక తీర్చుటకు వాచీ' అని ఒక పద్దు ఉంది, దాని పక్కన ఇంకెవరి చేతివ్రాతతోనో 'సైకిలు అడిగినారు' అని చిన్న అక్షరాల్లో ఉంది. చివరి పేజీల్లో నూటికి రూపాయిన్నర వడ్డీకి తెచ్చిన అప్పు, అమ్మిన అరెకరం. పెళ్ళికొడుకు పేరు 'గారు' తగిలించి మాటిమాటికీ కనబడుతుంది. పెళ్ళికూతురి పేరు పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

దాని వెనకే ఇంకో పుస్తకం కుట్టి ఉంది, చదివింపుల పుస్తకం. మా తరం వాళ్ళకు విలువల పాఠశాల ఇదే. పందిట్లో ఒక మూల చాప మీద లెక్కలు తెలిసిన బంధువు కూర్చుంటాడు, పక్కన స్పష్టంగా చదవగలిగిన కుర్రాడు. ఫలానావారు పదకొండు రూపాయలు, ఫలానావారు అయిదు రూపాయలు, ఫలానావారు ఇత్తడి బిందె అని పైకి చదవాలి. తర్వాత ఏళ్ళతరబడి ఇంట్లో ఆ పుస్తకం చూసే కవరు కట్టేవారు. వాళ్ళు మనకు పదకొండు చదివించారు, ఇప్పుడు పదహారైనా పెట్టకపోతే బాగుండదు. చదివిన ఆ కుర్రాడికి ఎవరూ ఏ సూక్తీ చెప్పలేదు. పుచ్చుకున్నది తిరిగివ్వాలని, ఎవరు ఎంతటివారో అంకెలో తెలుస్తుందని, పదిమందిలో చదవబడే దాని కోసం అప్పు చేసినా తప్పులేదని ఆ మధ్యాహ్నమే వాడికి ఒంటబట్టింది. అందులో మంచీ ఉంది, విషమూ ఉంది. ఇవాళ శుభలేఖ మీద 'బహుమతులు స్వీకరించబడవు' అని అచ్చువేసే కొడుకు మీద ఆ తండ్రి ఎందుకు మండిపడతాడో అర్థం కావాలంటే ఈ చాప దగ్గరికి రావాలి. కొడుక్కి అది హుందాతనం. తండ్రికి అది పాతికేళ్ళుగా ఊరందరికీ తను పెట్టిన పెట్టుబడి ఒక్క దెబ్బతో మునిగిపోవడం.

తరాల మధ్య ఈ తేడాను పండితులు ఎలా చెప్పారో క్లుప్తంగా చూద్దాం. హంగరీలో పుట్టి జర్మనీలో పాఠాలు చెప్పిన కార్ల్ మన్‌హైమ్ 1928లో తరాల మీద ఒక వ్యాసం రాశాడు. ఒకే ఏడు పుట్టినంత మాత్రాన ఒక తరం కారు, పడుచుతనంలో ఒకే సంఘటనల దెబ్బ కలిసి తిన్నవాళ్ళే ఒక తరమవుతారని ఆయన అన్నాడు. అమెరికాలో గ్లెన్ ఎల్డర్ 1974లో ఒక పుస్తకం తెచ్చాడు. 1920, 21 సంవత్సరాల్లో పుట్టిన ఓక్లండ్ పిల్లల్ని మహా మాంద్యం కాలం నుంచి పెద్దయ్యేదాకా గమనించిన లెక్కలు అందులో ఉన్నాయి. తండ్రి సంపాదన పడిపోయిన ఇళ్ళలో మగపిల్లలు చిన్న వయసులోనే పనుల్లోకి పోయారు, ఆడపిల్లలు ఇంటిచాకిరీ నెత్తినేసుకున్నారు. పెద్దయ్యాక కూడా ఉద్యోగం మీద వాళ్ళకు, సంసారం మీద వీళ్ళకు మక్కువ నిలిచింది. 1977లో రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ దీన్నే సూత్రం చేశాడు. మనిషికి ఏది కరువో దాన్నే గొప్పగా చూస్తాడు, అయితే ఆ కరువు పెరిగే వయసులో చూసినదై ఉండాలి.

ఈ సూత్రాన్ని మన ప్రశ్నకు తగిలించి చూడండి. 1890ల అగ్రహారంలో కరువు నగదుకు. 1920లలో కరువు ఉద్యోగస్థుడైన వరుడికి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి పాతికేళ్ళలో డెల్టా రైతుకు కరువు ఇంకో ఎకరానికి. 1990ల తర్వాత అమెరికా వీసా ఉన్న కుర్రాడికి. ఇప్పుడు మన ఊళ్ళలో వినబడుతున్న మాట ఏమిటి? సేద్యం చేసే కుర్రాడికి పిల్లనివ్వడం లేదని. పొలం ఉన్నా సరే, ఊళ్ళో ఉంటాడంటే అమ్మాయి ఒప్పుకోవడం లేదని. కట్నం వద్దు, పెళ్ళి ఖర్చులు మావే అనే సంబంధాలు కూడా వింటున్నాం. మహారాజా వారి పట్టిక మళ్ళీ తెరవాల్సి వస్తుందేమోనని నాకొక్కోసారి గుబులు. ఎందుకంటే స్కానింగులో ఆడపిల్లని తెలిసి వదిలించుకున్న ఇళ్ళు మన రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. 2001 నుంచి 2011కి వచ్చేసరికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్ళలోపు పిల్లల్లో ఆడపిల్లల నిష్పత్తి ఇంకా తగ్గింది. ఆ పిల్లలే ఇప్పుడు పెళ్ళీడుకొస్తున్నారు.

తండ్రీకొడుకుల తగువు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. తండ్రి తన పద్దెనిమిదో ఏట ఎదురైన ప్రశ్నకు జవాబు కనుక్కున్నాడు, నానా కష్టాలూ పడి కనుక్కున్నాడు. దాన్ని అరవయ్యో ఏట కొడుకు ముందు పెడతాడు. ఈలోగా ప్రశ్న మారిపోయింది. జవాబు తప్పని కొడుకంటాడు. ప్రశ్న మారిందని ఇద్దరిలో ఎవరూ అనరు.

అయితే ఈ సూత్రం మీద నాకు పూర్తి నమ్మకం లేదు. కరువే విలువల్ని తయారుచేస్తే ఒకే కాలంలో పెరిగినవాళ్ళందరూ ఒకేలా ఉండాలి. మన రచయితల్నే చూడండి. చలం 1894లో పుట్టారు. విశ్వనాథ సత్యనారాయణ 1895లో పుట్టారు. అదే ఏడు అడివి బాపిరాజు పుట్టారు. ముగ్గురూ తెలుగు బ్రాహ్మణ కుటుంబాలవారే, ముగ్గురూ ఇంగ్లీషు చదువులు చదివినవారే, ముగ్గురూ ఆ గాలే పీల్చినవారు. పెళ్ళి గురించి, ఆడమనిషి గురించి చలం రాసినదీ విశ్వనాథ రాసినదీ పక్కపక్కన పెడితే ఇద్దరూ ఒకే గ్రహం మీద పెరిగారా అనిపిస్తుంది. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ బహుమతిని విశ్వనాథ 'వేయిపడగలు', బాపిరాజు 'నారాయణరావు' చెరిసగం పంచుకున్నాయి. ఆ రెండు నవలలకే పొత్తు కుదరదు. దీనికి మన్‌హైమ్ దగ్గర సమాధానముంది. దెబ్బ అందరికీ ఒకటే, దానికి తిరగబడే తీరును బట్టి ఒకే తరంలో ఎదురెదురు జట్లు ఏర్పడతాయంటాడు. ఎవరు ఏ జట్టులో పడతారో మాత్రం చెప్పడు. అది చెప్పగలిగితే నవలలు రాసేవాళ్ళకు పనుండదు.

నా అనుభవంలో అది తోడు దొరకడం మీద ఆధారపడి ఉంటుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. కన్యాశుల్కం తొలి ప్రదర్శనకు అప్పటికింకా పదకొండేళ్ళుంది. ఊరు వెలేసింది. వంటవాళ్ళు, నీళ్ళవాళ్ళు రావడం మానేస్తే ఆయన భార్య రాజ్యలక్ష్మి గోదావరి నుంచి నీళ్ళు మోసి, పదిమందికీ వండిపెట్టారు. విగ్రహాలు ఎక్కువగా వీరేశలింగం గారివి. ఆ విలువ ఆ వీధిలో నిలబడిందంటే ఆ బిందెల బరువు మీద నిలబడింది.

రెండో సందేహం. విలువలు పడుచుతనంలోనే గట్టిపడి ఆపైన మారవంటారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు ఈ మాటకు ఒప్పుకోరు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం రాత్రిబడులకు వచ్చినవాళ్ళలో చాలామంది పెళ్ళిళ్ళయి పిల్లల తల్లులైనవాళ్ళు. వాచకంలో సారా వల్ల సంసారం ఎలా పాడైందో చెప్పే సీతమ్మ కథ ఒక పాఠం. మొగుడు తాగొచ్చి కొడితే అది తన ఖర్మ అని అప్పటిదాకా అనుకున్నవాళ్ళు పాఠమయ్యాక కలిసి కదిలారు. 1992లో సారా దుకాణాలు మూయించారు, వేలంపాటలు ఆపించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి పొదుపు సంఘాలు లేచాయి. వాళ్ళు చదివింది నాలుగు వాక్యాలే. అలాంటి నాలుగు వాక్యాలు ఇంతకుముందు ఎన్నో విన్నారు. ఈసారి పక్కన ఇంకో ముప్ఫైమంది కూర్చుని విన్నారు. తేడా అదీ. తన పేరున పాస్‌బుక్ ఉన్న తల్లి కూతురి పెళ్ళి మాటల్లో మాట్లాడే గొంతు వేరని ఆ ఊళ్ళు తిరిగినవాళ్ళకు తెలుసు.

దీనికి విరుద్ధంగా జరిగిన కథా మనకుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాలతో తిరిగిన, కబుర్లు మోసిన, తుపాకీ పట్టిన స్త్రీల మాటల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా పుస్తకం చేసింది. పదహారు, పద్దెనిమిదేళ్ళ వయసులో వాళ్ళకు కొత్త విలువలు పుట్టాయి, వాటి కోసం ప్రాణాలొడ్డారు. 1951లో పోరాటం విరమించాక ఇక ఇళ్ళకు పొమ్మన్నారు. ఇళ్ళు మారలేదు. కొత్త మనిషి పాత వంటింట్లోకి తిరిగి వెళితే ఏమవుతుందో ఆ పేజీల్లో చదవాలి. నేను చెబితే రాదు. నడిచే చోటు లేకపోతే విలువ ఎంత గట్టిదైనా గుండెల్లో బరువుగానే మిగిలిపోతుంది.

ఇక చట్టం. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది, పిత్రార్జిత ఉమ్మడి ఆస్తిలో మాత్రం కొడుకులా పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. అందులో ఆరో సెక్షను చదివినవాళ్ళు తక్కువ. కట్నం ఎవరు పుచ్చుకున్నా అది వధువు సొత్తు, గడువులోగా ఆమెకు అప్పగించాలి అంటుంది. పుచ్చుకోవడం నేరమని చెబుతూనే, పుచ్చుకున్నాక అది ఎవరిదో కూడా తేల్చి చెప్పింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ఒక అడుగు ముందుకేసింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి పిత్రార్జితంలో పుట్టుకతోనే సమాన హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉన్నా లేకపోయినా కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదేనని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది.

1985 చట్టంలో ఒక మెలిక ఉండేది. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. అంటే వైశాఖంలో పెళ్ళయిన అక్కకు హక్కు రాలేదు, మాఘంలో పెళ్ళయిన చెల్లెలికి వచ్చింది. ఒకే తల్లి పాలు, ఒకే ఇంటి పెంపకం, ఒకే తండ్రి విలువలు. మధ్యలోంచి ఒక తేదీ గీత గీసింది. ఆ తర్వాత ఆ చెల్లెళ్ళు 'నా వాటా' అనడం నేర్చుకున్నారు, అక్కలు 'పుట్టింటి వాళ్ళ దగ్గర అలా అడుగుతారటే' అని నోరు నొక్కుకున్నారు. చూసేవాళ్ళకు అది ఆస్తి తగాదా. నాకది రెండు తరాల మధ్య తేడా, ఆ రెండు తరాల మధ్య దూరం తొమ్మిది నెలలే.

తండ్రులూ అన్నదమ్ములూ ఊరుకున్నారా? రిజిస్ట్రారు ఆఫీసు బయట చెట్టుకింద దస్తావేజు లేఖరి బల్ల దగ్గర అరగంట కూర్చోండి. హక్కు విడుదల పత్రం రాయించుకోవడానికి వచ్చిన కుటుంబం కనబడుతుంది. అక్కచెల్లెళ్ళు అయిదింటికి లేచి బస్సెక్కి వచ్చి ఉంటారు. నా పెళ్ళినాడు నాకు రావలసినది నేను పొందియున్నాను అని లేఖరి గడగడా చదువుతాడు. బొటనవేళ్ళు యంత్రం మీద పెడతారు, ఫోటో దిగుతారు. అన్నగారు హోటల్లో అందరికీ టిఫిను పెట్టిస్తాడు, చీర, జాకెట్టు గుడ్డ, పసుపు కుంకుమ చేతిలో పెడతాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు కూడా, ఆ నీళ్ళు దొంగవి కావు.

సంతకం పెట్టిన ఆడవాళ్ళను తెలివితక్కువవాళ్ళంటే నేనొప్పుకోను. రేపు మొగుడు పోతే, మొగుడు తన్ని తగిలేస్తే తలుపు తీసే ఇల్లు ఏది? పుట్టిల్లు. దానితో చెడగొట్టుకుంటే వచ్చే అరెకరం ఆ తలుపుకు సాటిరాదని ఆవిడ లెక్క. బీమాకు కట్టే ప్రీమియం లాంటిది ఆ సంతకం. నెలనెలా జీతం తెచ్చుకునే ఆవిడ కూతురు అదే సంతకం పెట్టనంటే, అమ్మకంటే ఆ పిల్లకు స్వార్థం ఎక్కువని కాదు. ఆ బీమా అవసరం ఆమెకు తగ్గింది. అంతెందుకు, అల్లుడి పంచన చేరడం కన్నా నుయ్యో గొయ్యో చూసుకోవడం మేలనుకున్న తరం ఉండేది. ఇవాళ అమ్మాయి పురుడు కోసం డల్లాస్ వెళ్ళి ఆరునెలలు అల్లుడింట్లో ఉండి, మనవడితో దిగిన ఫోటోలు వాట్సాప్‌లో పెడుతున్న అత్తగార్లలో ఆ తరం వాళ్ళ కూతుళ్ళే చాలామంది. ముసలి తల్లిదండ్రుల పోషణ బాధ్యత కూతుళ్ళకూ ఉందని 2007 చట్టం అంటోంది. బాధ్యత సగం వచ్చాక వాటా సగం అడగడం విడ్డూరమేమీ కాదు. ఈ మాట మగపిల్లల తండ్రులకు రుచించకపోవచ్చు, నేనూ మగపిల్లాడి తండ్రినే.

చివరగా ఈమధ్య జరిగినది ఒకటి చెప్పి సెలవు తీసుకుంటాను. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. "సార్, మా నాన్న సంతకం పెట్టమంటున్నారు. రెండెకరాలు, ఊళ్ళో ఇల్లు, అన్నీ తమ్ముడి పేరున. నీ బీటెక్‌కీ పెళ్ళికీ ఎంతయిందో పుస్తకం చూపిస్తానంటున్నారు. పెట్టనా, మాననా?" నేను ఎటూ చెప్పలేదు. ముందు రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి, ఆస్తి ఎవరి పేరున ఉందో, దాని మీద బాకీలేమున్నాయో చూసుకోమన్నాను. పదిరోజులయ్యాక మళ్ళీ చేసింది. సంతకం పెట్టిందా అంటే లేదంది. వాటా అడిగావా అంటే అదీ లేదంది. "నాన్నకు ఒకటే చెప్పాను సార్. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ పొలంలో అమ్మ పనిచేసింది. ముందు ఇల్లు అమ్మ పేరున రిజిస్టరు చెయ్యి, పొలంలో సగం అమ్మకు రాయి. ఆ తర్వాత తమ్ముడూ నేనూ ఏం చేసుకోవాలో మేం చూసుకుంటాం అన్నాను."

"మరి నాన్నగారేమన్నారమ్మా?"

"ఆయన కంటే ముందు అమ్మే గోల చేసింది సార్, నా పేరునెందుకే అని. నాన్న మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మ ఆధార్ కార్డు ఎక్కడుందని అడిగారట. రాయించడానికో, దాచిపెట్టడానికో ఇంకా తెలీదు."